మరణశాసనమైన మగవేషం

1431 మే 24. ఫ్రాన్స్‌లోని రూవాన్ పట్టణం. సెయింట్ ఊవెన్ చర్చి శ్మశానంలో జనం కిక్కిరిసి ఉన్నారు. వేదిక మీద పందొమ్మిదేళ్ల జోన్ ఆఫ్ ఆర్క్. మతద్రోహం చేశానని ఒప్పుకోకపోతే సజీవదహనమేనని చెప్పి, తీర్పు చదవడం మొదలుపెట్టారు. ఏడాదిగా చెరలో ఉన్న ఆ పిల్ల ధైర్యం అక్కడ సడలింది. కాగితం మీద గుర్తు పెట్టింది. ఇకమీదట మగదుస్తులు తొడగనన్నది ఆ ఒప్పుకోలులో ఒక షరతు.

ఫ్రాన్స్ కిరీటం మాదంటే మాదని ఇంగ్లండ్, ఫ్రాన్స్ వందేళ్లకు పైగా కొట్టుకున్న రోజులవి. జోన్ డోమ్రెమీ గ్రామపు రైతుబిడ్డ. పదమూడో ఏట నుంచి మిఖాయేలు దూత, పునీత కేథరిన్, పునీత మార్గరెట్ తనతో మాట్లాడుతున్నారని నమ్మింది. 1429 మేలో ఆమె వెంట వెళ్లిన సైన్యం ఓర్లియన్స్ ముట్టడిని తొలగించడం, జులై 17న రీమ్స్‌లో ఫ్రాన్స్ రాజుగా చార్లెస్ పట్టాభిషేకం, మరుసటి ఏడు కొంపియేన్ దగ్గర ఆమె పట్టుబడటం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే. పట్టుకున్న బర్గండీ వాళ్లు ఆమెను 10,000 లీవ్ర్‌లకు తమ మిత్రులైన ఇంగ్లిషువాళ్లకు అమ్మారు. ఆమె కిరీటం పెట్టించిన రాజు విడిపించుకునే ప్రయత్నం చేసిన దాఖలా లేదు.

అసలు కథ చెరసాలలో ఉంది. ఆమె మీద మోపింది మతద్రోహం. అలాంటి కేసులో ఆడ ముద్దాయిని చర్చి జైల్లో, ఆడవాళ్ల కాపలాలో ఉంచాలన్నది అప్పటి నియమం. జోన్‌ను మాత్రం కోటలో కాళ్లకు ఇనుప గొలుసులు వేసి, ఇంగ్లిషు సైనికుల కాపలాలో పెట్టారు. చర్చి జైలుకు మార్చమని ఆమె అడుగుతూనే ఉంది. ఆమె తొడిగిన పొడవాటి కాలి తొడుగులను పైచొక్కాకు 20 తాళ్లతో బిగించేవారని అభియోగపత్రమే చెబుతోంది. కాపలావాళ్ల చేతుల్లోంచి ఒంటిని కాపాడుకోవడానికి ఆ ముడులే ఆమెకు దిక్కు. అంతకుముందు పొయిటియర్స్‌లో సొంత పక్షపు మతపండితులు ఇదే వేషంలో ఆమెను పరీక్షించి, తప్పు పట్టలేదు.

ఆనాటి చర్చి చట్టం ప్రకారం పశ్చాత్తాపపడినవారిని కాల్చకూడదు, ఒప్పుకుని మళ్లీ తప్పితే మాత్రం కాల్చవచ్చు. చట్టంలోని ఈ మెలికే ఉరితాడైంది. సంతకం పెట్టించుకుని ఆమెను మళ్లీ ఆ సైనికుల మధ్యకే పంపారు. నాలుగు రోజులకు, విచారణ నడిపిన బిషప్ కోషోన్ వెళ్లి చూస్తే మగదుస్తుల్లో ఉంది. కాపలావాళ్లు ఆడబట్టలు లాక్కున్నారని ఒక సాక్షి, మానం కాపాడుకోవడానికే తొడిగిందని మరికొందరు తర్వాత చెప్పారు. ఆమె మాత్రం మంచి జైల్లో పెడితే చెప్పినట్టు వింటానంది. నిప్పుకు భయపడి ఒప్పుకోవడం తప్పని దేవుని స్వరాలు చెప్పాయని కూడా అంది. లేఖకుడు ఆ జవాబు పక్కన, ఇది ప్రాణం తీసేదన్న అర్థంలో రెండు లాటిన్ మాటలు రాసుకున్నాడు. నా దృష్టిలో ఓర్లియన్స్ గోడల దగ్గర చూపిన తెగువ కన్నా ఈ జవాబులోని తెగువ పెద్దది. అక్కడ వెనక సైన్యం ఉంది, ఇక్కడ ఎవరూ లేరు.

మే 30న ఆమెను పాత సంతలో కాల్చి, బూడిదను సేన్ నదిలో కలిపారు.

1449లో రూవాన్ చార్లెస్ చేతికి వచ్చాకే పాత దస్తావేజులు బయటపడ్డాయి. మతద్రోహి పుణ్యాన రాజయ్యాడన్న మచ్చ ఆయనకూ పోవాలి కదా! తల్లి ఇసబెల్ పారిస్‌లో మొర పెట్టుకోగా, 1456 జులై 7న ఆ తీర్పును రద్దు చేశారు. కోషోన్‌ను నిలదీసే వీలు లేకపోయింది. లిజియూ బిషప్‌గా ఉండగానే, 1442లో పోయాడు.