రక్తం, వంశం, పరీక్ష: ఒక చారిత్రక పరిశీలన

మన సాహిత్యంలో రక్తం అనే మాటకు రెండు అర్థాలు స్థిరపడిపోయాయి. భూస్వామ్య సాహిత్యంలో అది వంశం. ఉద్యమ సాహిత్యంలో అది త్యాగం. సీసాలోకి తీసి, పేరు చీటీ అంటించి పరీక్షకు పంపే రక్తం గురించి మనం రాసింది బహు స్వల్పం. దానికీ చరిత్ర వుంది. పరీక్ష ఎవరు, ఎవరిమీద, ఏ ప్రశ్నతో చేశారన్నదే ఆ చరిత్రలో కీలకమని నా అభిప్రాయం.

మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది ప్రజల తలలూ ముక్కులూ కొలిచాడు. 1909లో కులాల మీదా తెగల మీదా ఏడు సంపుటాలు ప్రకటించాడు. 1910లో షికాగో వైద్యుడు హెరిక్ కొడవలి ఆకారపు రక్తకణాలను వర్ణించాడు. ఆ జబ్బుకు మూలం హీమోగ్లోబిన్ అణువులోని తేడాయేనని 1949లో పౌలింగ్ బృందం నిరూపించింది. 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి తెగలలో ఆ లక్షణాన్ని కనుగొన్నారు. పద్ధతి కొత్తదే, కాని ప్రశ్న పాతదే: ఏ తెగను ఏ విభాగంలో చేర్చాలి? కొలబద్ద పోయి సూది వచ్చింది.

మరో ప్రశ్నతో బయలుదేరిన వాళ్లూ వున్నారు. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతకూ తిండికీ గల సంబంధాన్ని పరిశీలించింది. ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో చూపింది. అందులోని పదార్థమే ఫోలిక్ ఆమ్లం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ణి స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆ సుబ్బారావు నాయకత్వానే 1945లో లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇక్కడ ప్రశ్న పుట్టింది ఆకలిలోంచి, చావులోంచి.

ఇక మన ప్రాంతం. బంగారుపాళ్యం చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే దారిలోని మామిడితోటల వూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరూ వేలూరూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. సరిహద్దు మారినా రోగి దారి మారలేదు; పెద్ద జబ్బంటే ఈ సీమవాసులకు ఇప్పటికీ వేలూరే గుర్తొస్తుంది. నేడు చిన్న పట్టణాల్లోనూ ల్యాబులు వెలిశాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. వేలి నుంచి తీసిన చుక్క హీమోగ్లోబిన్ తక్కువని చెబుతుంది. ఎందుకు తక్కువో చెప్పదు. ఇనుము కొరతో, తలసీమియా వాహకత్వమో తేల్చడానికి ఇంకా ఖరీదైన పరీక్షలు కావాలి. కూలిమనిషికి ఆ డబ్బు ఎవరిస్తారు?

తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆస్తి గడప దాటకూడదని మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఇటువంటి ప్రమాదం ఎక్కువ. అయినా నింద కోడలి మీదే పడుతుంది. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఏడు కోట్లమందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది, పరీక్షించినవారికి కార్డులిస్తోంది. ఆ కార్డు మందుకూ సలహాకూ దారి చూపితే అది విల్స్ పరంపర. పెళ్లిచూపుల్లో పిల్లను కాదనడానికి సాకైతే అది థర్‌స్టన్ కొలబద్దే.

ఈ రెంటిలో ఏది గెలుస్తుందో శాస్త్రం ఒక్కటే నిర్ణయించలేదు. వంశగౌరవమనే పాత అర్థాన్ని ‘రక్తం’ నుంచి తొలగించే పని రచయితలది. ఆ పని మనం ఇంకా పూర్తిచెయ్యలేదు.