పిల్లికి టాక్సోప్లాస్మా టెస్ట్.. పాజిటివ్ వస్తే వదిలేయాలా? రిపోర్ట్‌కు అసలు అర్థం ఇదీ!

ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉన్నారంటే చాలు.. ముందు పెంపుడు పిల్లిని పంపేయమనే సలహాలు మొదలవుతాయి. కారణం టాక్సోప్లాస్మోసిస్ భయం. కొందరు పిల్లికి రక్తపరీక్ష చేయించి, పాజిటివ్ అని రాగానే వదిలేస్తుంటారు. కానీ ఈ టెస్టులో పాజిటివ్ అంటే డేంజర్, నెగెటివ్ అంటే సేఫ్ అనుకుంటే పొరపాటే.

పిల్లికి ఎలా సోకుతుంది?

టాక్సోప్లాస్మా గోండీ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎలుకలు, పిట్టలను వేటాడి తిన్నా, పచ్చి మాంసం తిన్నా పిల్లికి సోకుతుంది. తొలిసారి సోకినప్పుడు సాధారణంగా 1 నుంచి 3 వారాల పాటు మలంలో ఊసిస్ట్‌లు బయటకు వస్తాయి. గుడ్లలాంటి ఈ ఊసిస్ట్‌ల ద్వారానే ఇతరులకు సోకుతుంది. చాలా పిల్లుల్లో ఏ లక్షణాలూ కనిపించవు.

రిపోర్ట్ ఎలా చదవాలి?

రక్తపరీక్షలో వెతికేది పరాన్నజీవిని కాదు.. దానిపై పోరాడేందుకు శరీరం తయారుచేసిన యాంటీబాడీలను.

* ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్: ఇన్ఫెక్షన్ గతంలోనే సోకింది. పిల్లి ఆరోగ్యంగా ఉంటే, మలంలో ఊసిస్ట్‌లు వదిలే దశ చాలావరకు దాటిపోయినట్టే. అంటే ఇంట్లోవాళ్లకు ముప్పు తక్కువ.
* ఐజీఎం ఎక్కువ: ఈమధ్యే సోకి ఉండొచ్చు. అయితే కొన్ని పిల్లుల్లో ఐజీఎం నెలల తరబడి ఉండిపోతుంది. కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చలేరు.
* రెండూ నెగెటివ్: ఇప్పటిదాకా సోకలేదని అర్థం. కానీ రేపు సోకొచ్చు. పైగా సోకిన తొలి రోజుల్లో యాంటీబాడీలు ఇంకా తయారుకావు. ఊసిస్ట్‌లు బయటకొచ్చేది ఎక్కువగా ఆ సమయంలోనే!

రెండోసారి టెస్ట్ ఎందుకు?

జ్వరం, తిండి మానేయడం, ఆయాసం, కంటి వాపు లాంటి లక్షణాలుంటే డాక్టర్లు 2 నుంచి 4 వారాల తేడాతో మళ్లీ రక్తం తీస్తారు. ఐజీజీ స్థాయి 4 రెట్లు పెరిగితే ఇన్ఫెక్షన్ ఇప్పుడు చురుగ్గా ఉన్నట్టు భావిస్తారు. అవసరమైతే పీసీఆర్ కూడా చేయిస్తారు. మలపరీక్షలో ఊసిస్ట్‌లు దొరకడం అరుదు.. అవి వచ్చేదే కొద్ది రోజులు కదా! లక్షణాలు, టెస్టులు, క్లిండమైసిన్ మందుకు పిల్లి కోలుకునే తీరు.. అన్నీ కలిపి చూశాకే నిర్ధారణకు వస్తారు.

గర్భిణులు ఏం చేయాలి?

పిల్లి రిపోర్ట్ కంటే గర్భిణి సొంత రక్తపరీక్షే ముఖ్యం. ఆమెకు గతంలో సోకిందా లేదా అన్నది అందులో తెలుస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు తొలిసారి సోకితేనే బిడ్డకు ఎక్కువ ముప్పు.

ఊసిస్ట్‌లు బయటకు వచ్చాక ఇతరులకు సోకే స్థితికి చేరడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే లిట్టర్ బాక్స్‌ను రోజూ శుభ్రం చేయాలి. ఆ పని ఇంట్లో వేరేవాళ్లు చేస్తే మంచిది. తప్పనిసరైతే గ్లౌజులు వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లిని బయట తిరగనివ్వొద్దు, పచ్చి మాంసం పెట్టొద్దు.

ఇంకో విషయం.. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోట మట్టి నుంచి కూడా ఇది మనుషులకు సోకుతుంది. పిల్లిని వదిలేసినంత మాత్రాన ఈ ముప్పు పోదు. వంటింట్లోనూ జాగ్రత్త తప్పనిసరి.