పాట చివర చెప్పిన పేరు

లక్క రికార్డు వంగదు, విరుగుతుంది. లక్కలో రాతిపొడి కలిపి అచ్చువేసిన పెళుసు పలక అది. బాగుచేసేవాళ్ళు ముక్కల అంచులకే జిగురు రాస్తారు. పాట ఉన్న గాడిలోకి దిగితే గొంతు మూసుకుపోతుంది. స్పిరిటుతో తుడిస్తే లక్కే కరుగుతుంది. అంచు నుంచి మధ్యదాకా ఒక్క పగులున్నా నిమిషానికి 78 సార్లు టక్కుమంటుంది. 2000ల మొదట్లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్ సూది ఆన్చకుండా గాడుల్ని ఫొటో తీసి, కంప్యూటరుతో శబ్దం రాబట్టారు. ముక్కలైన రికార్డుకీ అలా గొంతు తిరిగి రాగలదు.

అయితే దేన్ని చెత్తగా తీసేస్తాం, దేన్ని ఉంచుతాం? ఇది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేసినప్పుడు గౌహర్ జాన్ పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పింది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివాళ్ళు గుర్తుపట్టడానికే ఆ ఏర్పాటు అంటారు. కారణం వ్యాపారమే కావచ్చు. కానీ తవాయిఫ్‌లనీ దేవదాసీలనీ వృత్తి పేరుతో గుంపుగా తోసేసిన కాలంలో, ఒక స్త్రీ తానెవరో తానే చెప్పుకున్న చోటు అది.

పుస్తకాల్లో ఈ కత్తిరింపు మనకి తెలిసిందే. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' పంతొమ్మిదో శతాబ్దపు అచ్చులో ఆమె తన గురించి చెప్పుకున్న పీఠిక లేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని తిరిగి చేర్చి వేయించింది. మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాగరత్నమ్మ కూడా గ్రామఫోనుకి పాడింది.

పగులు చప్పుడు తీసేద్దాం. పాట అయ్యాక వినిపించే పేరుని మాత్రం, అది పాట కాదని తీసెయ్యొద్దు.