విద్యార్థిపోషణము: అన్నము, వేతనము, ఋణము

ప్రతివత్సరమును ఈ సభలో విద్యానిధికి చందాలు చదివించుట మన యాచారము. ఆ ద్రవ్యము విద్యార్థికి ఏ రూపమున చేరవలయునో నిర్ణయించుటకు పూర్వచరిత్రము తోడ్పడునని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

జీతము గొని చదువు చెప్పు భృతకాధ్యాపకుని ధర్మశాస్త్రములు నిందించినవి. కావున నాటి విద్యార్థికి ముఖ్యమైన చింత గురువుజీతము కాదు, పూటకూడు. దాతలు మొదట ఆ చింతనే తీర్చిరి. 11వ శతాబ్దమున రాజేంద్రచోళుని కాలపు ఎన్నాయిరము శాసనమున 340 మంది విద్యార్థులకు ధాన్యమేర్పాటు కలదు. అందు 270 మంది క్రిందితరగతివారు, 70 మంది పైతరగతివారు. పైవారికి ధాన్యము హెచ్చు. అర్హతను బట్టి వేతనభేదము నేటి కల్పన కాదన్నమాట.

మన తెలుగునాట గుంటూరుమండలపు మల్కాపుర శాసనము ప్రసిద్ధము. 1261వ సంవత్సరమున రుద్రమదేవి, విశ్వేశ్వరశివాచార్యులకు మందడముతోపాటు వెలగపూడిని ధారపోసెను. నేడు సచివాలయమున్న వెలగపూడి యదియే. ఆ యాదాయముతో విద్యామండపము, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచినవి. దాత యిచ్చినది ఏటి చందా కాదు, ఏటేట ఫలించు భూమి. అయినను ఒక లోపమును దాచరాదు: ఆ విద్యామండపములు వేదశాస్త్రాధ్యయనపరులకే గాని సర్వజనులకు తెరచినవి కావు.

ఆంగ్లవిద్య వచ్చినపిదప రుసుము కూడ భారమయ్యెను. పేదబాలురు రోజున కొకయింట వారములు చెప్పుకొని భుజించుచు చదివిరి. ఆ యిబ్బందిని గ్రహించిన సంఘములు వసతిగృహములను నెలకొల్పినవి. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డిహాస్టలు అట్టిదే. 1944లో భారతప్రభుత్వము షెడ్యూల్డుకులముల విద్యార్థులకు ఉన్నతవిద్యావేతనముల నారంభించెను. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున బోధనరుసుముల ప్రతిపూర్తి విస్తృతముగా అమలులోనికి వచ్చెను. 2001లో బ్యాంకుల సంఘము విద్యాఋణములకు నమూనాపథకమును రూపొందించెను.

వీని భేదమును తలిదండ్రులు చక్కగ గుర్తింపవలయును. ఉపకారవేతనము తిరిగి యీయ నక్కరలేనిది. అది ప్రతిభకో, పేదరికమునకో, రెంటికో లభించును. రుసుముప్రతిపూర్తి కళాశాలకు చెల్లవలసిన బాకీని తీర్చును. ఋణము మాత్రము వడ్డీతో తీర్పవలసినది; వడ్డీరాయితీ లభించినవారికి దక్క, చదువుకాలమునను వడ్డీ పెరుగుచునే యుండును. మూటిని "సహాయము" అను నొక్కపేరనే పిలుచుటవలన ఎందరో మోసపోవుచున్నారు.

మా శిష్యు డొకడు, మెరికవంటివాడు, రుసుముప్రతిపూర్తితో ఇంజనీరింగులో చేరెను. రుసుము బాధ తీరెను గాని భోజనశాల బాకీ పేరుకొనెను. అడుగుటకు సిగ్గుపడి, రెండవయేట చదువు మాని ఊరు చేరెను. ఆ సంగతి మాకు తెలియునప్పటికి కాలము మించినది. నాలుగునెలల కూటిఖర్చు వాని చదువును నిలిపియుండెడిది.

కావున మా విన్నపము రెండుమాటలు. విద్యానిధిలో కొంతభాగము వ్యయింపరాని మూలధనముగా నుంచి, దాని వడ్డీతో మొదట భోజనవసతులను జూడుడు. ఋణపత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు మనబిడ్డలకు చదివి చెప్పగల పెద్దల నిద్దరిని సంఘము నియమించునుగాక. పూర్వులు గ్రామములిచ్చిరి, మనము పిడికెడన్నమైనను లోపింపకుండ జూతము.

స్వస్తి.