పోర్చుగలు పొలిమేరలో కోవా నదీతీరము



భుజముమీది తువ్వాలు, గోడలోని అలమార, ఇల్లు గట్టిన మేస్త్రి, నూనె నింపిన పీపా - ఈ నాలుగు మాటలును మన నోట నిత్యము మెలగునవే. అయినను ఇవి అచ్చతెనుగు మాటలు గావు. సంస్కృతమునుండి వచ్చినవియు గావు. ఐదువందల యేండ్ల క్రిందట ఓడలపై వచ్చిన పోర్చుగీసువారు మన తీరములయందు విడిచిపోయినవి. 1498 లో వాస్కో డ గామా కళ్లికోట చేరినది మొదలు, 1961 లో గోవా భారతదేశమున గలియువరకు, వారి చరిత్ర మనకు సముద్రపు చరిత్రగానే తెలియును. ఓడలు, మిరియములు, ఫిరంగులు - ఇంతియే. కాని ప్రతి దేశమునకును రేవు ఒక ముఖమైనచో పొలిమేర మరియొక ముఖము. నేడు మిమ్ము ఆ దేశపు పొలిమేరకు, సముద్రమునకు దూరముగా నున్న యొక పల్లెసీమకు గొనిపోదలచితిని.

నేను ఆ సీమను కన్నులార జూచినవాడను గాను. నావద్ద చదువుకొన్న పిల్లవాడొకడు ఉద్యోగరీత్యా ఆ దేశమునకు బోయి, సెలవుదినములలో అచట సంచరించి, పటములును పుస్తకములును నాకు పంపెను. లేఖ చివర ఇట్లు వ్రాసెను: "పంతులుగారూ, ఇచ్చట రాళ్లమీది బొమ్మలకొరకు బడిపిల్లలు గొంతెత్తగా, కట్టుచున్న ఆనకట్ట ఆగిపోయినది. మీరైనచో ఏమందురు?" ఈ ప్రశ్నకు నేను వెంటనే బదులు వ్రాయలేకపోయితిని. ఎందువలననో చివర విన్నవింతును. ముందుగా సీమను జూతము.

పోర్చుగలునకు తూర్పున స్పెయిను దేశము. ఈ రెంటి నడుమ ఈశాన్యభాగమున కోవా యను చిన్న నది గలదు. స్పెయిను సరిహద్దు చేరువనున్న మేసాస్ కొండలలో పుట్టి, దక్షిణమునుండి ఉత్తరమునకు సుమారు 130 కిలోమీటరులు పారి, దోరు అను మహానదిలో గలియును. నది పుట్టినచోట నల్లరాయివంటి గట్టిరాయి. కలియుచోట పలకలు పలకలుగా చీలెడి మెత్తనిరాయి. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు. గట్టిరాతితో రాజులు కోటలు గట్టిరి. పలకరాతిపై పేరులేనివారు బొమ్మలు చెక్కిరి. ఈ సీమ చరిత్రమంతయు ఈ రెండు రాళ్లలో నున్నది.

నది పుట్టుచోటికి చేరువగా మల్కాటా యను పర్వతపంక్తి గలదు. చెవుల కొనలయందు నల్లని కుచ్చులుగల యొక జాతి అడవిపిల్లి, లింక్సు అనబడునది, అచట నుండెడిది. కాగితపు గుజ్జుకొరకై ఆ కొండలపై నీలగిరిచెట్లు నాటుటకు యత్నము జరుగగా, 1979 ప్రాంతమున దేశమంతటను ప్రజలు ఆ మృగమును రక్షింపుడని ఉద్యమించిరి. 1981 లో ఆ కొండ రక్షితారణ్యమయ్యెను. చెప్పుటకు విచారమగుచున్నది - కొండ దక్కినది గాని, ఆ మృగము తరువాత అచట అంతరించెను. రక్షణ ఆలస్యమైనచో ఇల్లు మిగులును, ఇంటివారు మిగులరు.

కొండ దిగి నదివెంట నడచినచో సబుగాల్ అను పట్టణము. అచటి కోటలో ఐదు మూలలుగల యొక యెత్తైన బురుజు గలదు. ఈ బురుజును ఎరిగినవాడు పొలిమేర కథ యెరిగినట్లే. పూర్వము కోవా నదికి తూర్పుగట్టు పోర్చుగలుది గాదు. లెయోను, కాస్తీలు రాజులది. 1297 వ సంవత్సరము సెప్టెంబరు 12 వ తేదీన అల్కానీసెస్ అను చోట పోర్చుగలు రాజగు దినిష్, కాస్తీలు రాజగు నాలుగవ ఫెర్నాందో సంధి చేసికొనిరి. అప్పుడు సబుగాల్, అల్మేయిదా, కాస్తేలో రోద్రిగో మొదలగు కోటలు పోర్చుగలునకు వచ్చెను. నాడు గీచిన ఆ గీత కొలదిపాటి మార్పులతో నేటికిని నిలిచియున్నది. ఐరోపాఖండమున ఇంత ప్రాచీనమైన సరిహద్దులు బహు స్వల్పము.

గీత గీచినంతమాత్రమున తగవు తీరునా? మన పల్లెలలో గట్టు తగవు తీరినదా? సంధికి రెండువందల యెనుబది యేండ్లు పైబడినపిదప 1580 లో స్పెయిను రాజు పోర్చుగలు సింహాసనమును గూడ గ్రహించెను. 1640 లో పోర్చుగీసువారు తిరుగబడి స్వాతంత్ర్యము ప్రకటించుకొనిరి. కాస్తేలో రోద్రిగో కొండపై స్పెయిను పక్షము వహించిన ప్రభువుల మేడ యొకటి యుండెను. ఆ వార్త విన్న యూరివారు మేడకు నిప్పుపెట్టిరి. మొండిగోడలు నేటికిని గలవు. అదే యూరిలో రాజచిహ్నము తలక్రిందుగా చెక్కబడియున్నది. పదునాలుగవ శతాబ్దమున మరియొక తగవులో ఆ యూరు కాస్తీలు పక్షము వహించినందున, గెలిచిన రాజు శిక్షగా చిహ్నమును తిరుగవేయించెనని చెప్పుదురు. పొలిమేర యూరివాని బ్రతుకిట్టిది. ఎవరి పక్షము వహించినను ఒకనాడు తప్పగును.

అల్మేయిదా కోట ఆ తిరుగుబాటు తరువాత కొత్త పద్ధతిని బలపడినది. ఆరు బురుజులు, వాని నడుమ ఆరు ముందుకోటలు. పైనుండి చూచినచో పండ్రెండు కొనల నక్షత్రమువలె గానవచ్చును. ఎత్తైన గోడలు ఫిరంగిదెబ్బకు కూలునుగాన గోడలను పల్లముగా, దళముగా, మూలలు దేర్చి కట్టిరి. ఏ మూలను శత్రువు సమీపించినను ప్రక్క మూలనుండి గుండు తగులును. ఇంత యుక్తియు ఒక్క సాయంకాలమున వ్యర్థమయ్యెను. 1810 లో నెపోలియను సేనాని మసేనా ఆ కోటను ముట్టడించెను. ఆగస్టు 26 వ తేదీన ఫ్రెంచివారి గుండొకటి పడగా, లోపలి పాతకోటలో దాచిన మందుగుండు రాశి యంతయు ఒక్కసారిగా పేలెను. చిల్లుపడిన పీపానుండి నేలపై రాలిన మందు నిప్పునకు త్రోవయైనదని చెప్పుదురు. వందలకొలది జనులు మడిసిరి. వెంటనే కోట శత్రువశమయ్యెను. నాడు పోర్చుగలు పక్షమున పోరిన ఆంగ్లసేనల యధిపతి యెవరనిన, 1799 లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో పాల్గొని, 1803 లో అస్సాయి యుద్ధమున మహారాష్ట్రులను గెలిచిన ఆర్థర్ వెల్లస్లీయే. వెల్లింగ్టన్ ప్రభువని మనము చదువుకొన్నది ఆయననే.

ఇన్ని కోటలు కాచిన ఆ సరిహద్దు కడకేమైనది? ఇరువదవ శతాబ్దమున అచటి పేదలు రాత్రులయందు మూటలు వీపున మోసికొని, కాఫీగింజలు మొదలగు సరకులు దొంగతనముగా దాటించి పొట్ట పోసికొనిరి. 1960 ప్రాంతమున వేలకొలది యువకులు అదే త్రోవలను బట్టి ఫ్రాన్సునకు కూలికి పోయిరి. ఊళ్లలో ముసలివారు మిగిలిరి. 1995 మార్చి 26 వ తేదీనుండి ఆ రెండు దేశముల నడుమ తనిఖీయే లేకుండబోయెను. కోటగోడలు యాత్రికులు ఛాయాపటములు దీసికొను స్థలములయ్యెను.

ఇక నది దిగువకు పోవుదము. ఇరుప్రక్కల కొండచరియలు నిటారుగా లేచును. ఆ చరియలలో రాబందులు గూళ్లు గట్టును. ఫాయా బ్రావా యనుచోట కొందరు పూనికతో భూమి కొని, రాబందులకును అడవికిని విడిచిపెట్టిరి. పొలములలో గుండ్రని తెల్లని కట్టడములు కనుపించును. అవి పావురాళ్ల గూళ్లు. ఆ రైతులు పావురాలను పెంచి, వాని రెట్టను పొలములకు ఎరువుగా వేసెడివారు. శీతకాలము వెళ్లుతరి బాదముచెట్లు తెల్లగా పూచి కొండలను గప్పును.

నది దోరులో గలియుటకు ముందు, ఫోజ్ కోవా పట్టణపు చేరువ, పలకరాళ్లపై ఆ బొమ్మలు గలవు. అడవియెద్దులు, గుఱ్ఱములు, కొండమేకలు, దుప్పులు. వానిలో ప్రాచీనమైనవి ఇరువదివేల యేండ్లకు పైబడినవి. నాడు సేద్యము లేదు, ఇనుము లేదు, పెంపుడు పశువు లేదు. మొనదేరిన రాతితో, తిరగలికి గాట్లు పెట్టువారు పొడిచినట్లు పొడిచి, చుక్కలను గీతలుగా గలిపిరి. కొన్నిచోట్ల ఒకే గుఱ్ఱమునకు రెండు మూడు తలలు చెక్కిరి. అది వికారము గాదు. తల త్రిప్పుచున్న గుఱ్ఱమును చూపుటకు చేసిన యుపాయము. అడవియెద్దు కొమ్ముల వంపును పశువు నెరిగిన మీబోటివారు చూచినచో, చెక్కినవాడును ఎరిగినవాడే యనగలరు. ఆ జాతి పశువు 1627 లో పోలండు దేశమున కడసారి మరణించి, భూమిపై లేకుండబోయినది. ఇంకొక విశేషము - ఆ నదిగట్టు మరలలో పిండి విసరినవారు గత శతాబ్దపు నడిమివరకు అదే రాళ్లపై పడవలను, రైలుబండిని చెక్కుచునే యుండిరి. సరిహద్దునకు ఆవల స్పెయినులో అగేదా నదీతీరమున సీయెగా వెర్దే యనుచోట ఇట్టి చెక్కడములే గలవు. చెక్కినవారికి పోర్చుగలు లేదు, స్పెయిను లేదు.

1990 తరువాత ఆ లోయలో విద్యుత్తుకొరకు పెద్ద ఆనకట్ట ఆరంభించిరి. పని సాగుచుండగా చెక్కడములు బయటపడెను. 1994 నవంబరులో లోకమునకు తెలిసెను. "చెక్కడములకు ఈత రాదు" అను మాటను పతాకమువలె ఎత్తి ఆ యూరి పాఠశాల పిల్లలు ఉద్యమించిరి. బొమ్మలు అంత పాతవి గావని కొందరు వాదించిరి. ఊరివారిలోను రెండు పక్షములయ్యెను. పనులు పోవునని భయపడినవారిని మనము నిందింపరాదు. 1995 ఎన్నికల తరువాత వచ్చిన ప్రభుత్వము ఆనకట్టను ఆపెను. 1996 లో ఆ లోయ పురావస్తు వనమయ్యెను. 1998 లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యెను. 1999 లో ఫరిజేవు అనుచోట త్రవ్వగా, ప్రాచీన శిలాయుగపు మన్ను పొరల క్రింద కప్పబడిన చెక్కడములు దొరకెను. పైనున్న మన్నే అంత పాతదైనచో క్రింది బొమ్మ అంతకంటె పాతది గదా! వాదము తీరెను.

అయితే ఇందొక చేదు గలదు. అంతకు పూర్వమే దోరు నదిపై పొసీన్యో యను ఆనకట్ట కట్టగా, కోవా దిగువభాగమున నీరు పెరిగి కొన్ని చెక్కడములు మునిగిపోయెను. వానికొరకు ఎవరును గొంతెత్తలేదు. అవి అచట నున్నవని లోకమున కప్పటికి తెలియదు.

ఇక నా శిష్యుని ప్రశ్న. నా మాతామహుల గ్రామము నాగార్జునసాగర జలాశయగర్భమున నున్నది. నా పితృపితామహుల పొలము ఆ సాగరపు కుడికాలువ నీటితో పండుచున్నది. నా అమ్మమ్మ ఆ బియ్యపు అన్నము తినునప్పుడెల్ల, "ఇది మా ఊరిమీది నీళ్ల అన్నము" అనెడిది. ఏడ్చి యనెడిది గాదు, నవ్వి యనెడిది గాదు. అట్టి యింట బుట్టినవాడను ఆనకట్ట వలదని యెట్లందును? వలయునని మాత్ర మెట్లందును?

కాని మనవారు ఒక పని చేసిరి. 1955 డిసెంబరు 10 వ తేదీన ఆ ఆనకట్టకు పునాది పడెను. లోయ మునుగుటకు ముందు, 1954 మొదలు 1960 వరకు, ఇక్ష్వాకుల విజయపురిని త్రవ్వి చూచిరి. ముఖ్యమైన కట్టడములను ఇటుక ఇటుకగా విప్పి కొండపైకిని, అనుపు గట్టునకును చేర్చిరి. ఆ కొండయే నేటి ద్వీపము. నష్టము కలిగినది, నిజము. కాని చూచి, లెక్కించి, ఇచ్చిన నష్టమది. కావున శిష్యునికి ఇట్లు వ్రాసితిని: "నాయనా, నీటికొరకు రాతిని ముంచుట ఒకప్పుడు తప్పదు, ఒకప్పుడు తగదు. అది ఆయా సీమవారు కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము. కాని చూడకయే ముంచుట ఎప్పుడును తప్పే."

పెద్దలారా, మీ యూరి చెరువుగట్టున వీరగల్లు ఉండవచ్చును. గుడివెనుక శాసనపు రాయిపై బట్టలు ఉతుకుచుండవచ్చును. రేపు బాట వేయువారు వచ్చి దానిని పగులగొట్టకమునుపే, మీ యూరి బడిపిల్లలను వెంటబెట్టుకొనిపోయి చూపుడు. దాని కథ మీకు దెలిసినంత చెప్పుడు. కోవా నదీతీరమున పిల్లలు గొంతెత్తగలిగిరన్నచో, అచట నేమున్నదో వారికి ముందుగా ఎవరో చూపిరి గనుకనే గదా!

సెలవు.