మోటార్‌సైకిల్ రోడ్డు రేసింగ్: తరగతుల నిబంధనలు, కంపెనీల డబ్బు

తారు పరిచిన ట్రాకు మీద జరిగే బైకు పందేన్ని రోడ్డు రేసింగ్ అంటారు. మట్టిలో సాగే మోటోక్రాస్, ఎడారి ర్యాలీలు దీని కిందికి రావు. పోటీకి దిగే బండ్లను తరగతులుగా విడగొడతారు. ఇంజిన్ ఎన్ని సీసీలు ఉండాలి, బరువు ఎంతకు తగ్గకూడదు, ఏ భాగం మార్చుకోవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అన్నవే తరగతి నిబంధనలు. పోటీ సమంగా సాగాలని, ఖర్చు చేయి దాటకూడదని వీటిని రాస్తారు. తయారీ కంపెనీల ఇంజనీర్లు మాత్రం వీటిని మరో కంటితో చదువుతారు: ఎక్కడ అడ్డు లేదో చూసి, డబ్బంతా అక్కడ కుమ్మరిస్తారు. నీరు పల్లమెరుగు అన్నట్టే ఉంటుంది రేసింగ్‌లో కంపెనీల సొమ్ము నడక.

దీనికి తేటతెల్లమైన ఉదాహరణ రోడ్డు రేసింగ్‌లో అగ్రశ్రేణి ప్రపంచ పోటీ అయిన మోటోజీపీ, 2002 నాటిది. అప్పటిదాకా 500 సీసీ టూ-స్ట్రోక్ బండ్లదే రాజ్యం. ఆ ఏడు 990 సీసీ ఫోర్-స్ట్రోక్ ఇంజిన్లకు దారి తెరిచారు. సిలిండర్ల సంఖ్యను బట్టి కనీస బరువు పెట్టారు: మూడు వరకు 135 కిలోలు, నాలుగు లేదా అయిదుకు 145, ఆరుకు 155. నాలుగుకూ అయిదుకూ ఒకే బరువన్న చోట హోండా చూపు ఆగింది. అదనపు బరువు శిక్ష లేకుండానే అయిదో సిలిండర్ దొరికింది. అలా పుట్టిన ఆర్‌సీ211వీ బండి మీద వాలెంటినో రోసీ ఆ ఏడు టైటిల్ గెలిచాడు. పాత టూ-స్ట్రోక్‌లతో మిగిలిన చిన్న జట్లు నిబంధన మారిన రోజే వెనకబడ్డాయి. కొత్త ఇంజిన్ తయారుచేసే స్తోమత పెద్ద కంపెనీలకే ఉంది.

అమ్మకంలో ఉన్న బండ్లతో ఆడే వరల్డ్ సూపర్‌బైక్ పోటీ 1988లో మొదలైంది. షోరూంలో దొరికే బండే ట్రాకు ఎక్కాలన్నది దాని మూలసూత్రం. కానీ నిబంధన షోరూం బండినే మార్చేసింది. మొదట్లో నాలుగు సిలిండర్ల బండికి 750 సీసీ, రెండు సిలిండర్ల బండికి 1000 సీసీ వరకు అనుమతి ఉండేది. ఈ తేడా డుకాటీకి కలిసివచ్చింది. 1990ల్లో కార్ల్ ఫోగర్టీ ఆ కంపెనీ బండ్ల మీద నాలుగు టైటిళ్లు గెలిచాడు. హోండా చివరికి తానూ రెండు సిలిండర్ల బండి కట్టి, 2000లో కొలిన్ ఎడ్వర్డ్స్‌తో టైటిల్ అందుకుంది. 2019లో డుకాటీ మరో అడుగు వేసింది. రోడ్డు మీద అమ్మే పానిగాలే వీ4 ఇంజిన్ 1103 సీసీ కాగా, అప్పటికి నాలుగు సిలిండర్లకూ వర్తిస్తున్న 1000 సీసీ హద్దు కోసం 998 సీసీతో వీ4 ఆర్‌ను విడిగా తయారుచేసింది. దాని మీద అల్వారో బౌటిస్టా వరసగా 11 రేసులు గెలిచాడు. నిర్వాహకులు సీజన్ మధ్యలోనే ఆ ఇంజిన్ గరిష్ఠ వేగంలో నిమిషానికి 250 చుట్లు కోశారు. చివరికి ఆ ఏడు టైటిల్ కవాసాకీ మీద జొనాథన్ రేకే దక్కింది. నిబంధన అంకెలకు సరిపోయేలా బండి కట్టినంత మాత్రాన టైటిల్ చేతిలోకి రాదు.

2008 ఆర్థిక మాంద్యం తర్వాత కవాసాకీ మోటోజీపీ వదిలింది, పోటీ ప్రారంభ వరసలో బండ్లు తగ్గాయి. దాంతో 2012లో క్లెయిమింగ్ రూల్ వచ్చింది. చిన్న జట్లకు 21 లీటర్లకు బదులు 24 లీటర్ల పెట్రోలు, సీజన్‌కు 6 బదులు 12 ఇంజిన్లు ఇచ్చారు. బదులుగా ఒక షరతు: ప్రత్యర్థి ఫ్యాక్టరీ అడిగితే ఆ ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో సహా 20,000 యూరోలకు అమ్మేయాలి. అమ్మాల్సివచ్చే ఇంజిన్‌లో లక్షలు దాచడానికి ఎవరికీ మనసు రాదు. ఖర్చును అదుపు చేయడానికి ఇంతకన్నా తెలివైన నియమం రేసింగ్‌లో అరుదు. 2016 నుంచి అందరికీ ఒకే ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెను, ఒకే సాఫ్ట్‌వేర్‌ను తప్పనిసరి చేశారు. ఆ సీజన్‌లో తొమ్మిది మంది వేర్వేరు రైడర్లు గెలిచారు. కానీ సాఫ్ట్‌వేర్ మీద మిగిలిన డబ్బు గాలి రెక్కల మీదికి, బండి ఎత్తు తగ్గించే పరికరాల మీదికి మళ్లింది. 2020లో జోన్ మిర్‌తో టైటిల్ గెలిచిన సుజుకీ 2022 చివర్లో వెళ్లిపోయింది. 2024 నుంచి కంపెనీలను ఏ, బీ, సీ, డీ అని వర్గీకరించి, వెనకబడిన హోండా, యమహాలకు అదనపు టెస్టింగ్, ఇంజిన్ మార్పుల వెసులుబాటు ఇచ్చారు. 2027 నిబంధనలు 850 సీసీకి దిగి, ఎత్తు పరికరాలను నిషేధిస్తాయి.

భారతీయ కంపెనీ కథ ఒకటి తెలంగాణ దాకా వస్తుంది. మహీంద్రా 2011లో మోటోజీపీతో పాటు నడిచే గ్రాండ్ ప్రీ పోటీల 125 సీసీ తరగతిలోకి దిగి, తర్వాత దాని స్థానంలో వచ్చిన మోటో3లో కొనసాగింది. 250 సీసీ ఒంటి సిలిండర్ అన్న చిన్న పరిధి కొత్త కంపెనీకి తలుపు తీసింది. 2016లో ఆసెన్‌లో ఫ్రాంచెస్కో బన్యాయా దానికి తొలి గెలుపు తెచ్చాడు. 2017 చివర్లో కంపెనీ విరమించి, ఫార్ములా ఈ విద్యుత్ కార్ల మీద దృష్టి పెట్టింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున హైదరాబాద్ జనం చూసింది ఆ మహీంద్రా కార్లనే. బోర్డు గదిలో తీసుకున్న ఒక్క నిర్ణయంతో మోటో3లో మన దేశపు పేరు చెరిగిపోయింది. ఫ్యాక్టరీ డబ్బులోని అసలు ప్రమాదం ఇదే.

దేశంలో రోడ్డు రేసింగ్‌కు పుట్టిల్లు మద్రాసు. 1953లో ఏర్పడ్డ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ మొదట షోళవరంలోని విమానాల పాత రన్‌వే మీద పందేలు నడిపింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత ట్రాకు వచ్చింది. జాతీయ చాంపియన్‌షిప్ నడక ఎక్కువగా అక్కడా, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనే. 165 సీసీ ప్రో-స్టాక్ వంటి తరగతులకు షోరూం బండే పునాది. కాబట్టి నిజామాబాదులో దొరికే బండే అక్కడా పరుగెత్తుతుంది. బరిలో ఉంటూ వచ్చిన పెద్ద ఫ్యాక్టరీ జట్లు టీవీఎస్, హోండాలవి. తెలుగువాళ్లు ఎందరో బతికే హోసూరులో కర్మాగారమున్న టీవీఎస్, 1982 నుంచి రేసింగ్ విభాగాన్ని నడుపుతోంది. కంపెనీ జట్టు వెనక మెకానిక్కులు, టెస్టింగ్ రోజులు, విడిభాగాలు ఉంటాయి. సొంత డబ్బుతో వచ్చిన కుర్రవాడికి పడిపోతే ఫెయిరింగ్ (బండి పైతొడుగు) ఖర్చే భారం.

ఈ దూరాన్ని తగ్గించేది వన్-మేక్ పోటీ. అందరికీ ఒకే రకం బండిని కంపెనీయే సిద్ధం చేసి ఇస్తుంది. టీవీఎస్ ఇలాంటి చాంపియన్‌షిప్‌ను 1994 నుంచి, హోండా టాలెంట్ కప్‌ను 2018 నుంచి నడుపుతూ వచ్చాయి. తొలి మెట్టుగా ఇవి ఎంతో మేలు. అయితే ఎవరిని ఎంచాలో, పోటీ ఎన్నాళ్లు ఉండాలో తేల్చేది కంపెనీయే. అందుకే ప్రో-స్టాక్‌లో సీలు వేసిన ఇంజిన్లు, విడిభాగాల ధరకు హద్దు, క్లెయిమింగ్ షరతు ఉండాలి. సొంత బండితో గెలిచే తరగతి ఒక్కటైనా మిగలకపోతే దూరపు జిల్లాల పిల్లలకు ఈ ఆట అందదు.

ఆ దూరం ఎంతో చూడాలంటే నిజామాబాదు జిల్లానే తీసుకోండి: అక్కడి మెండోర మండలం మీదుగా 44వ జాతీయ రహదారి పోతుంది. మెండోర నుంచి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు, ఇరుంగాట్టుకోట్టై 800 పైమాటే. బండి, టైర్లు, సూటు, ప్రయాణం అన్నీ ఆ దూరంలోనే లెక్కకట్టుకోవాలి. రేసింగ్ మీద మనసున్నవాళ్లు హైవే మీద వేగం పరీక్షించుకోవద్దు. ట్రాకు మీద శిక్షణ తీసుకుని, భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య లైసెన్సు పొందండి. బండి కొనకముందే ఆ ఏడాది తరగతి నిబంధనలను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి.