హళ్ళికి హళ్ళి – మన పెద్దల పావు లెక్క

సౌదీ అరేబియాకు కొత్తగా వచ్చిన తెలుగువాడికి మొదటి పాఠం బజారులో ధరల పలక దగ్గరే జరుగుతుంది. మనం సున్న అనుకునే గుండ్రని గుర్తు ఇక్కడ అయిదు. సున్నకు ఒక చుక్క చాలు. విచిత్రమేమంటే, అరబ్బులు ఈ అంకెలను "హిందీ అంకెలు" అనే పిలుస్తారు. సంఖ్య ఒకటే, రాతలే వేరు.

చిల్లర లెక్కా అంతే. ఇక్కడి రియాల్‌కు 1960లో 20 ఖిర్షుల లెక్క ఏర్పడింది. 1963లో నూరు హలలాల లెక్క వచ్చింది. మన రూపాయి 1957 ఏప్రిల్ 1 వరకు 16 అణాలు, అంటే 64 కానులు.

ఈ నాలుగుల లెక్కకు మన పెద్దలు ఒక చక్కని రాతను కల్పించుకున్నారు. పావులకు నిలువు గీతలు, పావులో పావుకు అడ్డగీతలు, దానిలో పావైన కానికి మళ్ళీ నిలువు గీతలు. ఏ స్థానంలోనూ మూడు గీతలు మించవు; నాలుగైతే పై స్థానంలో ఒకటి అవుతుంది. నిలువు గీతల స్థానం ఖాళీ అయితే "హళ్ళి" గుర్తు. "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అనే మాటలో ఉన్న హళ్ళి ఇదే!

ఉదాహరణకు 57 కానులు తీసుకుందాం. 57ను నాలుగుతో భాగిస్తే 14, శేషం 1. 14ను భాగిస్తే 3, శేషం 2. మిగిలింది 3. కిందినుంచి పైకి చదివితే 3, 2, 1. అంటే మూడు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు, ఒక నిలువు గీత: ౻౽౹. పద్నాలుగణాల కాని! నేటి కంప్యూటరు ఒక సంఖ్యను ఏ ఆధారంలో రాయాలన్నా ఇలాగే భాగించి శేషాలు ఏరుకుంటుంది. అది వాడే రెండంకెల లెక్కలో ఇదే 57, 111001. రెండేసి అంకెలుగా విడదీస్తే 11, 10, 01. అంటే మళ్ళీ మన 3, 2, 1.

ఈ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కాని 1984లో కరణాల పదవులు రద్దయ్యాక వాటిని చదవగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. గుర్తు బతికినా చదువు పోతే ఏం లాభం? ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అటకమీది పాత లెక్కల కట్ట ఒకటి దించండి. తాతగారుంటే పక్కన కూర్చుని, పిల్లలచేత ఆ గీతలు చదివించండి.